20 అడుగుల గోడ, ఎండిపోయిన అంచు: గ్లేజు, పెయింటు పాళ్లు తప్పిన ఒక ఫో ఫినిష్ కేసు

ఈ కేసులో మొదటి గోడను చెడగొట్టింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తేలిగ్గా రాయొచ్చు. మెటీరియల్ మంచిదే, బేస్ కోటు (గ్లేజు కింద వేసే రంగు) బాగానే వేశాం (ఒక్క చోట తప్ప, దాని సంగతి తర్వాత), నా దగ్గర పని చేసే కుర్రాడు, తమ్ముడూ అంటాను, చురుకైనవాడు. అయినా సాయంత్రం అయ్యేసరికి గోడ మీద నిలువు చారలు పడ్డాయి. తప్పంతా బకెట్‌లో జరిగింది. నేను రంగు చూసుకుంటూ కలిపాను, చూసుకోవాల్సింది గడియారం. గ్లేజులో, అంటే కింది రంగు కనపడేలా మీద వేసే పల్చటి పూతలో, ఎంత పెయింటు, ఎన్ని నీళ్లు పోశామన్న దాన్ని బట్టే ఆ పూత గోడ మీద ఎన్ని నిమిషాలు మన మాట వింటుందో తేలిపోతుంది. ఈ సంగతి నాకు డబ్బా మీది సూచనలు చదివితే అర్థం కాలేదు, గోడ పాడయ్యాక అర్థమైంది.

గది ఒక హాలు. పొడుగు గోడలు 20 అడుగులు, పొట్టి గోడలు 14, ఎత్తు 10. చుట్టుకొలత 68 అడుగులు, అంటే 680 చదరపు అడుగులు. తలుపులు, పెద్ద కిటికీ తీసేస్తే సుమారు 600. సోఫా వెనక గోడకి మాత్రం తలుపూ లేదు, కిటికీ లేదు, 20 అడుగులూ ఏకబిగిన ఉంటుంది. అలాంటి గోడ చూడగానే పని తేలిక అనిపిస్తుంది గానీ అసలు పరీక్ష అక్కడే. కిటికీ ఉంటే దాని దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు, ఇక్కడ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆగేది లేదు.

ఆ ఇంటావిడ అడిగింది పాతబడిన ఇసుకరాయి లాంటి గోడ. దూరం నుంచి చూస్తే ఒకే రంగులా ఉండాలి, దగ్గరకొస్తే లోపల మబ్బులు కదిలినట్టుండాలి, చేత్తో రాస్తే మాత్రం నున్నగా ఉండాలి. అంటే టెక్స్చర్ కాదు, అచ్చంగా గ్లేజు పని. నేను ఫోన్‌లో శాంపిల్స్ చూపిస్తుంటే వాళ్ల అత్తగారు పక్కన కూర్చుని "ఫాక్స్ ఫినిష్ అంటున్నావు, నక్కకీ గోడకీ ఏం సంబంధం నాయనా" అన్నారు. మా లైన్లో సగం మంది అలాగే పలుకుతారు. అది ఫ్రెంచి మాట, 'ఫో' అనాలి, అబద్ధం అని అర్థం. అబద్ధపు రాయి అని చెప్పగానే ఆవిడ ముఖం కాస్త మారింది. ఇందులో కొత్తేం లేదండీ, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేలో కూడా గార మీద రంగులు వేసి పాలరాతి పలకల్లా కనిపించేలా చేసుకున్నారు, డబ్బున్నవాళ్లే చేయించుకున్నారు అన్నాక శాంతించారు.

గ్లేజు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. నీటి గ్లేజులో యాక్రిలిక్ బైండరు, నీళ్లు, తొందరగా ఆరనివ్వకుండా గ్లైకాల్ లాంటి నెమ్మదిగా ఆవిరయ్యే ద్రవం, కారిపోకుండా పట్టుకునే చిక్కదనం ఉంటాయి. కింది రంగును కప్పేసే పిగ్మెంటు మాత్రం దాదాపు ఉండదు. అందులో కొంచెం పెయింటు కలిపి పూస్తే వెలుతురు ఆ పొరలోంచి దూరి, కిందున్న బేస్ కోటుకి తగిలి తిరిగొస్తుంది, కంటికి రెండు రంగులూ ఒకేసారి అందుతాయి. అదే రెండు రంగుల్నీ బకెట్‌లోనే కలిపేసి గోడకి ఎన్ని కోట్లు కొట్టినా ఆ లోతు రాదు.

ఇక నేను చేసిన ఘనకార్యం. అంతకు కొద్దిరోజుల ముందు ఒక చిన్న ప్రవేశ గోడకి, 6 అడుగుల వెడల్పుది, గ్లేజు, పెయింటు, నీళ్లు మూడూ సమానంగా కలిపి వేశాను. బాగా వచ్చింది. కలర్ వాష్‌కి (పల్చటి రంగు పూతకి) చాలామంది ఇదే పాళ్లు వాడతారు, తప్పేం కాదు. ఆ ధైర్యంతో ఇక్కడా అదే కలిపాను. పెయింటు ఏం వాడానంటే, వేరే పనిలో మిగిలిన లేత గోధుమ రంగు ఎమల్షన్. షేడ్ దగ్గరగా ఉంది కదా, ఇంకోటి తెప్పించడం ఎందుకని. ఒక బకెట్‌లో 2 లీటర్లు కలుపుకుని ఎడమ మూల నుంచి మొదలుపెట్టాం. తమ్ముడు రోలర్‌తో 3 అడుగుల పట్టీ పూస్తాడు, అది పూర్తయ్యాక నేను ఉండచుట్టిన గుడ్డతో అద్ది తీస్తాను, దీన్నే ర్యాగ్ ఆఫ్ అంటారు. నేను తీసేదాకా అతను ఆగుతాడు, తర్వాత పక్క పట్టీ పూస్తాడు. ఉక్కగా ఉందని పైన ఫ్యాన్ ఫుల్‌లో తిరుగుతోంది.

మొదటి రెండు పట్టీలు కళ్లకి చల్లగా ఉన్నాయి. మూడో పట్టీ దగ్గర గుడ్డ కొంచెం పట్టుకుంటున్నట్టు అనిపించింది. చిక్కబడిందేమో అనుకుని బకెట్‌లో ఇంకో గ్లాసు నీళ్లు పోశాను, ఇది ఆ రోజు నేను చేసిన వాటిల్లోకెల్లా పెద్ద తప్పు. నీళ్లు పోస్తే పల్చబడుతుంది గానీ ఎక్కువసేపు తడిగా ఉండదు. గ్లేజులో పూతను నెమ్మదిగా ఆరనిచ్చేది గ్లైకాల్, నీళ్లు అన్నిటికన్నా ముందు ఎగిరిపోతాయి. పైగా బైండరు కూడా పల్చబడుతుంది కాబట్టి సగం ఆరిన చోట గుడ్డ తగిలితే పూత పట్టు లేక ఊడిపోతుంది. 16వ అడుగు దగ్గర బకెట్ ఖాళీ అయింది. కంగారులో ఇంకో బకెట్ కంటి అంచనాతో కలిపి మిగతా 4 అడుగులు ముగించాం.

సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా ఆ గోడ మీద పడింది. అప్పుడు చూడాలి. ప్రతి మూడడుగులకీ ఒక నిలువు గీత, పట్టీకీ పట్టీకీ అతుకు ఎక్కడ పడిందో స్కేలు పెట్టి గీసినట్టుంది. చివరి 4 అడుగులు వేరే షేడ్. స్విచ్‌బోర్డు పక్కన అరచేయంత నల్లటి మచ్చ. మొత్తంగా గోడ మీద పల్చని సున్నం నీళ్లు చల్లినట్టు ఒక తెల్లటి పొర, రాయి కాదు కదా, మసకబారిన అద్దంలా ఉంది. మేడమ్ గారు ఏమీ అనలేదు, "ఆరితే సర్దుకుంటుందా అండీ?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకి ఊ అనేసి ఆ పూటకి గట్టెక్కడం ఎంత సులువో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. సర్దుకోదండీ, మళ్లీ వేస్తాను, ఖర్చు నాది అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే విషయం.

మర్నాడు గోడ జోలికి పోలేదు. 2 అడుగుల చదరం హార్డ్‌బోర్డు ముక్కలు కోసి, గోడకి వాడిన ప్రైమరే, అదే బేస్ కోటు, అదే రోలర్‌తో వేసి ఆరబెట్టాను. శాంపిల్ బోర్డు కాగితం మీద చేసేవాళ్లు ఉన్నారు, దాంతో ఏమీ తెలియదు, కాగితం తాగేస్తుంది, గోడ తాగదు. బేస్ బాగా ఆరాక ఒక్కో బోర్డు మీద ఒక్కో మిశ్రమం పూసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నిమిషానికో చోట గుడ్డతో అద్దుతూ పోయాను. ఎన్నో నిమిషంలో గుడ్డ రంగు తీయడం మానేసి లాగడం మొదలుపెడుతుందో రాసుకున్నాను. చెవికి కూడా తెలుస్తుంది: పూత తడిగా ఉన్నంతసేపూ గుడ్డ చప్పుడు లేకుండా లేస్తుంది, బిగుసుకోవడం మొదలవగానే 'చిట్' అని చిన్న శబ్దం వస్తుంది. ఆ చిట్ వినపడ్డాక గోడను ముట్టుకోకూడదు.

నా బోర్డుల మీద వచ్చిన లెక్క ఇది. మూడూ సమానంగా కలిపినది ఫ్యాన్ ఆపినా 5 నిమిషాలకే చిట్ అంది. 3 వంతుల గ్లేజుకి 1 వంతు పెయింటు, నీళ్లు లేకుండా, 8 నిమిషాలు. 5 వంతులకి 1 వంతు, 11 నిమిషాలు. అదే 5:1కి ఓపెన్ టైమ్ (పూత తడిగా ఉండే సమయం) పెంచే ఎక్స్‌టెండర్ లీటరుకి 30 మి.లీ. చొప్పున వేస్తే 16 దాటింది. సరదాకి ఫ్యాన్ వేసి 5:1 మళ్లీ చూశాను: 11 కాస్తా 6 అయింది. అంటే ఆ రోజు గోడ మీద నా మిశ్రమానికి ఉన్న ఆయుష్షు మూడు నిమిషాలో, నాలుగో. ఈ అంకెలు ఆ గదికి, ఆ రోజు గాలికి, ఆ డబ్బాకి మాత్రమే. వేడి, తేమ మారితే ఇవీ మారతాయి. మీ గదిలో మీరే చూసుకోవాలి, పావుగంట పని.

ఇప్పుడు దీని పక్కన గోడ లెక్క పెట్టండి. 3 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు పట్టీని రోలర్‌తో పూయడానికి 3 నిమిషాలు. గుడ్డతో తీయడానికి 4 నిమిషాలు. కుడి అంచున ఒక అర అడుగు తీయకుండా తడిగా వదిలేసి, పక్క పట్టీ పూశాక రెండూ కలిపి తీస్తే అతుకు కనపడదు. ఒకరి తర్వాత ఒకరం చేస్తే ఆ అర అడుగు అంచు మీద పూత పడినప్పటి నుంచి గుడ్డ తగిలే దాకా కనీసం 8 నిమిషాలు ఆగాలి: నేను తీసే 4, తమ్ముడు పూసే 3, అతుకు మీదికి నా చెయ్యి వచ్చే ఇంకో నిమిషం. నాలుగు నిమిషాలు బతికే పూతని ఎనిమిది నిమిషాలు ఆగమన్నాను. చారలు రాకుండా ఎలా ఉంటాయి? అతుకు దగ్గర పాత పూత ఆరిపోయింది, దాని మీద కొత్త పూత ఎక్కింది, రెండు పొరలు కాబట్టి గీత చిక్కగా కనపడింది. గీత అంటే అంతకు మించి ఏం లేదు. మంత్రమూ లేదు, మాయా లేదు.

తెల్లటి మసక సంగతి వేరు. అది పాళ్ల తప్పు కొంత, పెయింటు ఎంపిక తప్పు చాలా. లేత షేడ్ ఎమల్షన్ ఏదైనా తెల్ల బేస్‌లో తయారవుతుంది, అందులో టైటానియం డయాక్సైడ్ దండిగా ఉంటుంది. దాని పనే కింది రంగును కప్పేయడం. కప్పేసేదాన్ని తెచ్చి, కింది రంగు కనపడాలని పెట్టిన పూతలో కలిపితే పాలు కలిపిన నీళ్లలా ఉంటుంది. గ్లేజుకి వాడే పెయింటు డీప్ బేస్‌లోనో, క్లియర్ బేస్‌లోనో (తెల్ల పిగ్మెంటు తక్కువగానో, లేకుండానో ఉండే బేసులవి) టింట్ చేయించాలి, అంటే రంగు కలిపించాలి, షాపులో డబ్బాలో చూస్తే భయపెట్టేంత ముదురుగా ఉండాలి, గ్లేజు కలిపాక అదే పల్చబడుతుంది. ఈసారి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), రా అంబర్ (మట్టి గోధుమ) కలిపి క్లియర్ బేస్‌లో చేయించాను. పెయింటు ఎందుకు, నేరుగా టింటరు (చిక్కటి రంగు) చుక్కలే గ్లేజులో వేసేయొచ్చు కదా అని అడుగుతారు. వేయొచ్చు, చాలా శుభ్రమైన రంగు వస్తుంది, కానీ చుక్క తేడాకే షేడ్ మారిపోతుంది, ఎక్కువైతే పూత రోజుల తరబడి జిగటగా ఉండి చేతికి అంటుతుంది. పెద్ద గోడకి నేను పెయింటే నమ్ముతాను.

ఇక్కడే ఇంకో మెలిక: తడిగా ఉన్న యాక్రిలిక్ గ్లేజు చూడ్డానికి పాలలా ఉంటుంది, ఆరాకే అద్దంలా తేటపడి రంగు ముదురుతుంది. బకెట్‌లో చూసి "లేతగా ఉంది, ఇంకాస్త పెయింటు వెయ్" అన్నారంటే అయిపోయింది. నేనూ చాలాసార్లు అన్నాను. ఇప్పుడు బోర్డు మీద ఒక చుక్క రాసి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, అప్పుడు నోరు విప్పుతాను. బోర్డుని గదిలోకి తీసుకెళ్లి, ఏ గోడకి వేస్తామో ఆ గోడకే ఆనించి, పగలు ఒకసారి, రాత్రి లైట్లు వేశాక ఒకసారి మేడమ్ గారికి చూపించాను. రాత్రి పసుపు లైట్లో 3:1 బోర్డు మరీ ఎర్రబారినట్టుంది అన్నారు. 5:1 ఖాయమైంది. రంగు కోసం ఆవిడ ఎంచుకున్నదీ, టైమ్ కోసం నేను కోరుకున్నదీ ఒకటే కావడం అదృష్టం, ప్రతిసారీ అలా కుదరదు.

స్విచ్‌బోర్డు పక్కన మచ్చకి కారణం వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. బేస్ కోటు అయ్యాక కరెంటు పనివాళ్లు అక్కడ బోర్డు కాస్త జరిపారు, పక్కన పుట్టీ పెట్టి, ప్రైమరు లేకుండా ఒక్క చేయి రంగు కొట్టేశాం. మామూలు పెయింటు పనిలో అది ఎవరికీ కనపడేది కాదు. గ్లేజు అన్నీ బయటపెట్టేస్తుంది. సాటిన్ (కొద్దిగా మెరుపుండే) బేస్ మీద గ్లేజు జారుతూ తేలుతుంది, పుట్టీ మీద, మ్యాట్ మీద అయితే లోపలికి ఇంకిపోతుంది, ఇంకినది ఇక గుడ్డకి రాదు. అందుకే బేస్ ఎప్పుడూ సాటినో, దానికన్నా కాస్త తక్కువ మెరిసే ఎగ్‌షెల్లో ఉండాలి. మరీ గ్లాసీ అయితే ఇంకో బాధ, పూత పట్టు దొరక్క కారిపోతుంది.

గోడని మళ్లీ సిద్ధం చేయడానికి మూడు రోజులు పట్టింది. అతుకు గీతల మీద 220 నంబరు ఎమ్రీ పేపరుతో మెత్తగా రుద్ది, దుమ్ము తడిగుడ్డతో తుడిచి, స్విచ్‌బోర్డు దగ్గర ప్రైమరు వేసి, గోడంతా రెండు కోట్లు క్రీమ్ సాటిన్. చివరి కోటు తర్వాత పూర్తిగా 24 గంటలు ఆగాం. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ పచ్చి బేస్ మీద గ్లేజు రుద్దితే కిందిది కూడా మెత్తబడి లేస్తుంది.

నూనె గ్లేజు వాడితే ఈ గొడవే లేదు కదా అని మధ్యలో ఒక మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. నిజమే, అరగంట నుంచి గంట దాకా తడిగా ఉంటుంది, నింపాదిగా చేసుకోవచ్చు. కానీ మనుషులు ఉంటున్న ఇల్లు, ఆ వాసన భరించలేరు, లేత రంగులు కొన్నాళ్లకి పచ్చబడతాయి. అన్నిటికన్నా లిన్‌సీడ్ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వాడినవాళ్లు గుడ్డల్ని విప్పి విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి మూతపెట్టాలి. ర్యాగ్ పనిలో గుట్టలు గుట్టలుగా గుడ్డలు తేలతాయి కాబట్టి నాకు ఆ టెన్షన్ వద్దు.

ఇక కలపడం. నా లెక్కలో రోలర్‌తో పూసే గ్లేజు లీటరుకి 80 చదరపు అడుగులు వస్తుంది (మొదటి రోజు 2 లీటర్లు సరిగ్గా 16 అడుగుల దగ్గర అయిపోవడం ఈ లెక్క ప్రకారమే, ముందు వేసుకుని ఉంటే తెలిసేది). 600 చదరపు అడుగులకి ఏడున్నర లీటర్లు. గుడ్డలు తాగేది, ట్రేలో మిగిలేది, రేపు మరమ్మతుకి దాచేది కలిపి 9 లీటర్లు అనుకున్నాను. 5:1 అంటే గ్లేజు ఏడున్నర, పెయింటు ఒకటిన్నర. ఎక్స్‌టెండర్ 270 మి.లీ., అది డబ్బా మీద చెప్పిన పరిమితి లోపలే. గది మొత్తానికి కావలసినదంతా ఒకే పెద్ద బకెట్‌లో, ఒకేసారి. మధ్యలో కలపాల్సి వస్తే ఎంత కొలిచి కలిపినా ఆ రెండో బకెట్ మొదటి బకెట్‌కి కవల కాదు.

ముందు పెయింటులో ఒక లీటరు గ్లేజు పోసి కర్రతో బాగా కలిసేదాకా తిప్పి, అప్పుడు దాన్ని మిగతా గ్లేజులో పోశాను. చిక్కటి పెయింటుని నేరుగా గ్లేజు బకెట్‌లో పోస్తే అడుగున ముద్దగా కూర్చుంటుంది, పైన అంతా కలిసిపోయినట్టే ఉంటుంది, గోడ మధ్యలో ఎక్కడో ఆ ముద్ద రోలర్‌కి ఎక్కి ముదురు చార వస్తుంది. డ్రిల్లుకి పాడిల్ పెట్టి తిప్పేటప్పుడు నెమ్మదిగా తిప్పాలి, నురగ వస్తే గోడ మీద బుడగల మచ్చలు పడతాయి. తర్వాత నైలాన్ వలగుడ్డలో వడకట్టి, మూతున్న రెండు బకెట్లలోకి పంచి, మార్కరుతో ఒకదాని మీద 1, రెండోదాని మీద 2 అని రాశాను. పని జరుగుతున్నప్పుడు కూడా రంగు కిందికి దిగుతుంటుంది కాబట్టి ట్రేలో పోసే ప్రతిసారీ కర్ర పెట్టి అడుగు నుంచి కలపడం తమ్ముడి డ్యూటీ.

మర్నాడు పొద్దున్నే ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు మూసేశాం. గుడ్డలు పాత నూలు బనియన్లు, నాలుగైదుసార్లు ఉతికి పీచు పోయినవి, ఒక్కోటి రెండు చేతుల్లో పట్టేంత ముక్క, మొత్తం 15. ముందే నీళ్లలో ముంచి గట్టిగా పిండి పక్కన పెట్టుకున్నాం. పొడిగుడ్డ మొదటి అద్దుకే ఎక్కువ తాగేసి తర్వాత తాగదు, చెమ్మగుడ్డ మొదటి నుంచీ ఒకేలా తీస్తుంది. పట్టీకి ఒక గుడ్డ మార్చాలి, ఇంకా బాగానే ఉంది కదా అనిపించినా మార్చాలి. నిండిపోయిన గుడ్డ రంగు తీయడం మానేసి తిరిగి పూయడం మొదలుపెడుతుంది, అది మీకు అక్కడ నిలబడి కనపడదు, పది అడుగులు వెనక్కి వస్తే గోడ ఎడమ నుంచి కుడికి క్రమంగా నల్లబడుతూ పోయినట్టు తెలుస్తుంది.

పద్ధతి కూడా మార్చాం. నేను మొదటి పట్టీ పైనుంచి తీస్తూ సగానికి వచ్చేసరికే తమ్ముడు పక్క పట్టీ పూయడం మొదలుపెట్టాడు. అంచు నిటారుగా కాకుండా వంకరటింకరగా వదలమన్నాను, నిట్టనిలువు గీత కంటికి వెంటనే దొరుకుతుంది, వంకర అంచు మబ్బుల్లో కలిసిపోతుంది. అలా తడి అంచు ఆగాల్సింది 8 నుంచి 6 నిమిషాలకి తగ్గింది, పూత ఆయుష్షు 16. ఆరో పట్టీ దగ్గర కాలింగ్ బెల్ మోగింది, ఇంట్లో ఎవరూ లేరు, తమ్ముడు "అన్నా, ఒక్క నిమిషం" అని పరిగెత్తాడు. ఒక్క నిమిషం ఏడయింది. గుండె గొంతులోకి వచ్చింది గానీ తిరిగొచ్చి పూశాక గుడ్డ పెడితే చప్పుడు లేకుండా లేచింది. ఆ అతుకు ఎక్కడో ఇప్పుడు నేను చెప్పలేను.

గుడ్డ పని మొత్తం నేనే చేశాను, చేయి మార్చుకోలేదు. సంతకం లాగే ప్రతివాడి చేతికీ ఒక వాటం ఉంటుంది. నేను అద్ది మణికట్టు కాస్త తిప్పి లేపుతాను, తమ్ముడు నేరుగా నొక్కి లేపుతాడు. మధ్యలో మారితే గోడ అక్కడి నుంచి వేరే భాష మాట్లాడుతుంది. ఒకే వైపు తిప్పినా వరసలు కనపడతాయి, అందుకే రెండు మూడు అద్దులకోసారి గుడ్డ విప్పి మళ్లీ ఉండచేయాలి. తీసేసిన పట్టీలో ఎక్కడైనా ఒక చుక్క తేడాగా కనపడిందా, చెయ్యి దురద పెడుతుంది, సరిచేద్దామని. వద్దు. సగం ఆరిన చోట వేలు పెడితే పూత లేచి, నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. మర్నాడు చిన్న స్పాంజి ముక్కతో అదే గ్లేజు అద్ది, చుట్టూ పల్చన చేస్తే సరిపోయేదాన్ని ఆ క్షణాన ముట్టుకుని పెద్దది చేసుకుంటాం.

ఎదురెదురు గోడలు ఒకరోజు, మిగతా రెండూ ఇంకో రోజు. మూలకి రెండు వైపులా ఒకేసారి తడి ఉంటే అక్కడ రెట్టింపు పూత చేరి నల్లటి నిలువు చార పడుతుంది. రెండో జతకి ముందు, అయిపోయిన గోడల మూలల్లో టేపు వేయాలి కదా, అందుకని రెండు రోజులు ఆగాం. ఎక్స్‌టెండర్ వేసిన పూత ఆరడానికీ ఆలస్యం చేస్తుంది, రాత్రికి రాత్రే టేపు అతికిస్తే టేపుతోపాటు రాయి కూడా ఊడివస్తుంది. టేపు కూడా తక్కువ జిగురున్నదే వాడాను, పూత తడిగా ఉండగానే లాగేశాను. మూలల్లోకి గుడ్డ ఉండ పోదు, అక్కడ పొట్టి వెంట్రుకల పొడి బ్రష్‌తో పొడుస్తూ మూల నుంచి బయటికి లాక్కొచ్చాను.

స్విచ్‌బోర్డు చుట్టూ చేతులు తగులుతుంటాయి కాబట్టి అక్కడ మాత్రం క్లియర్ కోటు (రంగులేని రక్షణ పూత) వేయమన్నారు మేడమ్ గారు. అక్కడొక్కచోటే వేస్తే మెరుపు తేడా వచ్చి ఒక చదరం కనపడుతుంది, వేస్తే గోడంతా వేయాలి అని చెప్పి, ముందు 5:1 బోర్డు మీద వేసి చూపించి, ఆ ఒక్క గోడకి మూల నుంచి మూల దాకా నీటి క్లియర్ సాటిన్ ఒక కోటు వేశాను. రంగు ఇంకొంచెం లోపలికి వెళ్లినట్టయింది, అది మాత్రం నేను అనుకోనిది, ఆవిడకి నచ్చింది. అత్తగారు వచ్చి గోడకి అరచేయి ఆనించి, చల్లగా ఉంటుందనుకున్నా నాయనా, మామూలుగానే ఉందే అన్నారు. ఆ సాయంత్రం ఎండ మళ్లీ ఏటవాలుగా పడింది, నేను అందుకోసమే ఆగి చూశాను. చారలు లేవు.

అర లీటరు మిగిలితే గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి, మూత మీద మార్కరుతో "5:1, ఎక్స్‌టెండర్ లీటరుకి 30, సాటిన్ బేస్, ఫ్యాన్ ఆఫ్" అని రాసి వాళ్ల ఇంట్లోనే పెట్టి వచ్చాను. కొన్ని నెలలకి ఫోన్ వచ్చింది, సోఫా జరుపుతుంటే గోడకి గీరుకుపోయిందని, చిటికెన వేలంత గీత. వెళ్లి సన్నటి బ్రష్‌తో క్రీమ్ పెట్టి, ఆరాక సీసా కలిపి స్పాంజితో రెండు అద్దులు అద్ది, మీద చిటికెడు క్లియర్ రాశాను. ఇంకో కొసరు పని ఏదైనా ఉందా అని అడుగుతుంటే ఆవిడ సోఫా వెనక్కి వంగి చూస్తూ, "ఇంతకీ గీరుకున్నది ఎక్కడండీ?" అన్నారు.